పూలు సంపాదించుకున్న మంద
మూడు చీజు దిమ్మలు వరసగా ఉబ్బి పగిలాక నాలుగోది గట్టిపడి నిలవడమే మా ఊరి ఆవులు కాసే ఊర్సినా మొదటి గెలుపు. ఆ తర్వాత జిల్లా చీజు పోటీలో రెండుసార్లు మొదటి బహుమతి మా ఊరికి తెచ్చింది. ఏటా వేసవికి ఊరి ఆవులన్నిటినీ ఆల్ప్స్ కొండమీది పచ్చికకు తోలుకుపోతుంది. రాగి కొప్పెరలో మోచేతిదాకా చెయ్యి ముంచి, విరిగిన పాలు గట్టిపడ్డాయో లేదో చూస్తుంది. పాలు పితికేటప్పుడు ఆవు డొక్కకు నుదురానించి కూనిరాగం తీస్తుంది. ఒక్క ఆవూ చావకుండా దిగివస్తేనే మందకు పూలకిరీటాలు కట్టడం మా ఆచారం. కిందటేడు ఫ్లూరా అనే ముసలి ఆవు కొండమీద నిద్రలోనే పోయింది. "ముసలిదేగా తల్లీ, ఆయువు తీరింది. పూలు కట్టెయ్, ఎవరేమంటారు?" అన్నాడు దాని యజమాని లూట్సి. "ఎవరూ అనకపోతే నేనంటా పెద్దయ్యా. నా చేతికిచ్చిన ఆవు నా చేతిలో పోయింది" అంది ఊర్సినా. ఒక్క పువ్వైనా లేకుండా మందను వీధి నడుమనే నడిపించింది. తల మాత్రం దించలేదు. ఈ ఏడు పూలు సంపాదించుకునే దిగుతానని ఆనాడే అంది.

నిన్న కొండమీంచి లూట్సికి ఫోన్ చేసింది. "పెద్దయ్యా, అందరూ బతికే ఉన్నారు, నాతో సహా! మీ పెరట్లో డాలియాలన్నీ కోసి పైకి పంపండి. మీ ఎర్రావుకు కొమ్ములు పెరిగాయి, పెద్ద దండ కావాలి."

"కొమ్ములొచ్చింది ఆవుకా, నీకా?" అని లూట్సి పగలబడి నవ్వాడు.

"ఇద్దరికీ!"

ఇప్పుడు ఇంటింటా కాగితం గులాబీలు చుడుతున్నారు, మెడగంటలకు మెరుగు పెడుతున్నారు. ఊర్సినా దిగేది సెప్టెంబరు ఇరవై, శనివారం.