మెడ మీద మట్టి

మా అమ్మాయి మెడని నేను రుద్దినట్టు పగవాళ్లు కూడా రుద్దరు. ఆదివారం వచ్చిందంటే చాలు, పీట వేసి కూర్చోబెట్టి, సున్నిపిండీ బీరపీచూ పట్టుకుని దిగేదాన్ని. మెడ చుట్టూ నల్లగా, మందంగా ఒక పట్టీ. "మంటమ్మా" అని అది ఏడిస్తే, "కదిలావంటే వీపు పగులుద్ది! ఇంత మట్టి పెట్టుకుని బడికెట్లా పోతున్నావే?" అని అరిచేదాన్ని. బొద్దు పిల్ల, చెమట ఎక్కువ, సెలవులొస్తే మిరప కళ్లంలోనే ఆట. మట్టి కాక ఇంకేమవుతుందిలే అనుకున్నా.

ఇంతకీ నేను చేసే ఉద్యోగం ఏమిటనుకున్నారు? పద్దెనిమిదేళ్లుగా నర్సుని.

పోయినేడు అది పెద్దమనిషైంది. మా అత్తగారు ఎంత మురిసిపోయారో! పొద్దున చిమ్మిలి, సాయంత్రం నెయ్యి కారే మినపసున్నుండలు. "నడుం గట్టిపడాలి, తిననీయవే" అనేవారు. మెడ మీద చిన్న చిన్న పులిపిర్లు లేస్తే, రాలిపోతాయని వాటికి వెంట్రుక ముడేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆవిణ్ణి అనేదేముంది, ఆవిడేం నర్సింగు చదవలేదుగా.

ఆ తర్వాత కొన్నాళ్లకి, వినుకొండ వైపు నుంచి ఒకావిడ జ్వరమొచ్చిన కూతుర్ని మా వార్డుకి తీసుకొచ్చింది. లావుపాటి పిల్ల, మా అమ్మాయి ఈడుదే. డాక్టరమ్మ ఆ పిల్ల జడ పక్కకి తీసి, కొత్తగా చేరిన నర్సుల్ని పిలిచింది. "ఈ నలుపు మురికి కాదమ్మా, ఎంత తోమినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని చర్మం చెప్తోంది. లావుగా ఉన్న పిల్లల్లో ఇలాంటి మెడ కనిపిస్తే షుగర్ చూడండి" అంది.

ఆ పాఠం నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఊళ్లోవాళ్ల పిల్లలకైతే వెంటనే కనిపెట్టేదాన్ని. నా ఇంట్లో పిల్ల దగ్గరకొచ్చేసరికి నా కళ్లేమయ్యాయో, ఛీ!

సెలవు చెప్పి, షుగర్ చూసే మిషను సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. "ఇట్రా, మెడ చూపించు" అన్నానో లేదో, అది వెళ్లి బీరపీచు తెచ్చింది. నా చేతికిచ్చి, జడ పైకెత్తి, తల వంచుకుని పీట మీద కూర్చుంది. "మెల్లిగా రుద్దమ్మా" అంది.

పీచు అవతల పారేశాను. వేలు పొడిచి రక్తం చూస్తే షుగర్ ఎక్కువే ఉంది. మర్నాడు ల్యాబ్ రిపోర్టూ అదే చెప్పింది. ఆ కాగితం చేతిలో ఉండగానే పిల్లని దగ్గరకి లాక్కుని బావురుమన్నాను. "మట్టి కాదే నా తల్లీ, షుగరే. నీ తప్పేం లేదే" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"అయితే నేను శుభ్రంగానే ఉన్నానా అమ్మా?" అని నవ్వింది.

షుగరొచ్చిందని చెబితే నవ్విన పిల్లని ఇన్నేళ్ల సర్వీసులో దాన్నొక్కదాన్నే చూశాను.