ఈనెపుల్ల మీద కలకండ

మా చిన్నప్పుడు బడికి బయల్దేరే ముందు రోజూ నా జడ నేనే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేదాన్ని...

మాది బెంగళూరు దగ్గర చింతామణి. ఇంటి వెనక రేకుల షెడ్డులో అమ్మా నాయనా పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసేవాళ్లు. గూట్లో పురుగు ఉడికితే వచ్చే కంపు ఉంటాది చూడండీ... తలకి, బట్టలకి, ఆఖరికి చిత్రాన్నానికి కూడా పట్టేస్తుంది. బడిలో పిల్లలంతా ఒకరి డబ్బా ఒకరు లాక్కుని తినేవాళ్లు. నా డబ్బాలో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టేవాళ్లు కాదు. నేను గోడవైపు తిరిగి తినేదాన్ని.

ఐదో క్లాసులో సైన్సు మిస్సు అందరినీ ఇంట్లో కలకండ చేసుకుని రమ్మనింది. వేడినీళ్లలో ఇంక కరగదు అనేదాకా చక్కెర కలపాల. ఈనెపుల్లను చక్కెరలో దొర్లించి ఆరబెట్టి, ఆ పాకంలో వేలాడదీయాల. "గ్లాసు కదపొద్దు. మూత అస్సలు పెట్టొద్దు. గాలి తగిలి నీళ్లు ఆవిరైపోతేనే చక్కెర పుల్లకి పట్టుకుంటుంది. తెచ్చినాక ఒకరిది ఒకరు తిందాం" అనింది.

ఒకరిది ఒకరు! దేవుడా... ఒక్కరంటే ఒక్కరు మా ఇంట్లో చేసింది నోట్లో పెట్టుకుంటే చాలు, జన్మలో ఇంకేమీ అడగను అనుకున్నా.

కానీ మూత పెట్టకూడదంట. పెట్టకపోతే మా ఇంటి గాలే కదా తగిలేది! ఏం చేసేది చెప్పండి...

దేవుని గూట్లో పెడితే కర్పూరం వాసన. బీరువాలో పెడితే నాఫ్తలిన్ ఉండల వాసన. మిద్దె మీద పెడదామంటే షెడ్డు పొగగొట్టం సరిగ్గా ఆ పక్కనే. గ్లాసు పట్టుకుని ఇల్లంతా పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పినా. కదపొద్దంటే నేను చేసింది కదపడమే! పుల్లకి పలుకు కూడా పట్టలా. గడప మీద కూలబడి ఏడ్చేసినా.

"ఏం పాపా, ఏమయింది?" అన్నాడు నాయన.

గ్లాసు సంగతి చెప్పినా. వాసన అనే మాట మాత్రం నోటికి రాలేదు. ఆయనకి అర్థమయిపోయింది. "ఈ వారం పొయ్యి ఆర్పేద్దామా?" అన్నాడు అమ్మతో.

"ఆర్పేస్తే? పురుగులకి రెక్కలొచ్చి గూళ్లు తొలుచుకోని బయటికొచ్చేస్తాయి. అప్పుడు దారం యాడ వస్తాది? ఏం తింటాం?" అనింది అమ్మ. అనిందే గానీ, పాకం మళ్లీ కాచి, వీధి కిటికీలో పెట్టి, పైన గాలాడే పాత వాయిల్ చీర ముక్క కప్పింది. షెడ్డు గాలి రాకుండా నడిమి తలుపుకి గడియ పెట్టేసింది. ఆ వారమంతా ఇద్దరూ గూళ్ల బుట్టలు నెత్తిన పెట్టుకుని, వీధంతా చుట్టి షెడ్డుకి పోయినారు.

వచ్చింది! పుల్ల నిండా తళతళా పలుకులు. ముక్కుకి ఆనించి చూసుకున్నా. ఏ వాసనా లేదు. కానీ ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నాకెట్ల తెలుస్తుంది? పాలామెకి చూపిస్తే "చక్కెర వాసనే ఉండాది, పోమ్మా" అనింది. ఆమెది మా వీధే...

బడిలో అందరి పుల్లలూ పేపరు మీద పరిచినారు. నాదే పెద్దదని మిస్సు మెచ్చుకుంది. తినండనగానే పిల్లలు ఎగబడినారు. నా బెంచీ పిల్ల నా పుల్ల అందుకుంది. నోటిదాకా తీసుకుపోయి, "మీ ఇంట్లో చేసిందా?" అని అడిగింది. మెల్లగా పేపరు మీద పెట్టేసింది. వాసన కూడా చూడలేదు.

నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి మొత్తం నేనే నమిలేసినా. పలుకులు గుచ్చుకుని చిగుళ్లలో రక్తాలొచ్చినాయి. ఏడుస్తా ఏడుస్తా తిన్నా.

ఇంటికి పోతే అమ్మ ఉత్త పుల్ల చూసింది. "అంతా తినేసినారా?" అనింది. నేను నోరు తెరిచేలోపలే షెడ్డువైపు తిరిగి, "ఇదిగో, వింటాండారా? మన ఇంట్లోది పిల్లోళ్లు తినేసినారంట!" అని అరిచింది. వేడినీళ్లకి నానిపోయిన చేతుల్తోనే కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం కిటికీ నిండా గ్లాసులు! "బడంతా పంచు పాపా" అని. ఆ ఏడాదంతా ట్యాంకు వెనక నిలబడి అన్నీ నేనే తిన్నా. దవడ పళ్లు పుచ్చిపోయినాయి. "ఇంట్లో చక్కెర ముట్టదు, పళ్లెట్ల పుచ్చినాయో" అని డాక్టరు దగ్గర అమ్మ ఒకటే ఆశ్చర్యం!

ఇప్పుడు షెడ్డులో పొయ్యి లేదు. నాయన లేడు. నేను బెంగళూరుకి బస్సెక్కేటప్పుడు అమ్మ ఇప్పటికీ కలకండ డబ్బా చేతిలో పెడతాది. "ఆఫీసులో అందరికీ ఇయ్యి" అని. ఆఫీసులో పక్క సీటామె నిజంగానే అడుగుతుంది, "ఏముందండీ అందులో?" అని. నేను ఇయ్యను. ఒంటరిగా ఉన్నప్పుడు మూత తీసి, ముందు ముక్కు పెట్టి ఆ కంపు కోసం వెతుకుతా. ఎంత వెతికినా చక్కెర వాసనే...

మీరూ చెప్పండి... బడికి పోయేముందు మీ చొక్కాలో, జడలో భయం భయంగా వెతుక్కున్న మీ ఇంటి వాసన ఏది? ఇప్పుడది యాడన్నా దొరుకుతాందా?