పుల్ల విరిస్తే పెండ్లి తెగుతుందా?

అరవనాట ఉండే మా తెలుగువాళ్లలో మొగుడూ పెండ్లాలను విడదీయాలంటే కులపెద్దలు కూర్చుని ఒక పుల్ల విరిచి రెండు దిక్కులకు పారేస్తారు. అంతే, తెగిపోయినట్టు. మా అమ్మకు ఒళ్లు బాగలేదని నేను బొమ్మిడికి పోయి ఉంటే, నల్లంపల్లిలో నా మొగుడు పెద్దలను పిలిపించి పుల్ల విరిపించినాడు. నన్ను ఒక్క మాట అడిగినవాడు లేడు. నెల తిరగకుండానే ఇంకో పిల్ల మెడలో తాళి కట్టినాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. పుల్ల విరిచిన పెద్దాయన ఇంటికి పోయి నిలదీస్తే, "తీర్చేసినాము కదమ్మా, ఇంక నీకేమి పని?" అన్నాడు. పొయ్యిలో పెట్టే పుల్లకు నా కాపురాన్ని తెంచే సత్తువ ఉందంట!

ధర్మపురిలో వక్కీలమ్మ అంతా విన్నది. "నిన్ను అడగకుండా విరిచిన పుల్ల కోర్టులో చెల్లదు. నువ్వింకా ఆయన భార్యవే. ఆ రెండో పెండ్లికి ఏడేండ్ల దాకా జైలు పడొచ్చు. కానీ తాళి కట్టింది కండ్లారా చూసినవాళ్లు వచ్చి చెప్పాల" అంది.

చూసినవాళ్లకేమి కొదవ? ఊరంతా చూసింది. కోర్టుకొచ్చేసరికి ఒకామె వంటకాడ ఉండిపోయిందంట, పెద్దాయన తాళికి ముందే భోంచేసి వచ్చేసినాడంట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం! మీ నోట్లో మన్ను పడ అని వరండాలోనే తిట్టినాను.

ఆపైన నా మొగుడి వక్కీలు లేచి, "పెండ్లే జరగలేదు. ఆ పిల్ల ఇంట్లో పనికి ఉండే మనిషి" అన్నాడు. నా మొగుడు తల ఊపినాడు. ఆ పిల్ల నిండు కడుపుతో వెనక బల్ల మీదే ఉంది. అంతవరకూ ఆమెను నేను తిట్టని తిట్టు లేదు. ఆ పొద్దు ఆమె మొగం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

బయట నా దగ్గరికి వచ్చింది. "అక్కా, పుల్ల విరిచేసినారు, ఇంకే అడ్డమూ లేదని మా నాయనకు చెప్పినారు. నమ్మినాము. నేను చెప్తాను సాక్షి."

"నువ్వు సాక్షి చెప్తే నీ పెండ్లీ చెల్లదంటారే పిల్లా. పెండ్లాం అనే పేరు కూడా మిగలదు."

"ఇప్పుడు మాత్రం ఏముంది? పనిమనిషి అన్నాడు కదా."

వాయిదా నాడు బోనెక్కి, తాళి బయటకు తీసి పట్టుకుని, "దీన్ని కట్టింది ఎవరో ఆయన్నే అడగండి" అని అరవంలో గట్టిగా చెప్పింది.

వానికి జైలు పడింది. ఆ సాయంత్రమే పెద్దాయన మా వాకిట్లోకి వచ్చి, ఎట్లన్నా వాణ్ని విడిపించమని బతిమాలినాడు.

"జైలు ముందర ఒక పుల్ల విరవండి మామా" అన్నాను. "తలుపు తెరుచుకుంటుందేమో చూద్దాం."