రెండు దెబ్బలు... ఆగి, ఒకటి

నా పిల్లల మీద ఒట్టు వెయ్యను. ఎందుకంటే ఇది పిల్లల సంగతి. నా మీదే వేసుకుంటాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేపాల్‌లో భూకంపం వచ్చిన ఏడాది. మేము కువైట్‌లో, హవల్లీలో ఉండేవాళ్ళం. దజీజ్‌లో మా ఆయన పనిచేసే కార్గో గోడౌన్‌లో దుప్పట్లు, డేరాలు పోగుచేసి పంపేవాళ్ళం. నాకు హిందీ వచ్చు కదా అని ఫోను నా చేతిలో పెట్టారు. కువైట్ ఇళ్ళలో పనిచేసే నేపాలీ తల్లులు తప్పిపోయిన తమ పిల్లల వివరాలు నాకు చెప్పేవాళ్ళు. నేను నేపాల్‌లోని శిబిరంలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే బినోద్‌కి చేరవేసేదాన్ని. నియమం ఒక్కటే. తల్లికీ బిడ్డకీ మాత్రమే తెలిసిన గుర్తు ఏదో అడిగి ఉంచుకోవాలి. అది చెప్పనిదే, చుట్టమంటూ ఎవరొచ్చినా బిడ్డని ఇవ్వకూడదు. అలాంటి రోజుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కూడా చుట్టాల్లాగే వస్తారు మరి.

ఒక సాయంత్రం సుమిత్ర అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె కూతురు ఆశ, ఆరేళ్ళ పిల్ల, శిబిరంలో దొరికింది. భూకంపం నాటి నుంచి నోరు విప్పలేదట.

"గుర్తు చెప్పమ్మా" అన్నాను.

"దీదీ, రాత్రి పడుకునేటప్పుడు అది..."

వెనక నుంచి వాళ్ళ మామా పిలుపు... మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు. లైను కట్టయింది. ఆ ఇంట్లో రాత్రిళ్ళు పనివాళ్ళ ఫోన్లు మామా దగ్గరే ఉంటాయని సుమిత్ర ముందే చెప్పింది. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

రాత్రి బినోద్ ఫోను. "దీదీ, ఆశకి మేనమామనంటూ ఒకాయన వచ్చాడు. ఫొటో కూడా చూపిస్తున్నాడు. తెల్లారగానే జీపు వెళ్ళిపోతుందట. గుర్తు మన దగ్గరే లేదు కదా అని ఇక్కడ అందరూ ఇచ్చెయ్యమంటున్నారు. మీరేమంటారు?"

ఏమనను? నిజంగా మేనమామే అయితే, ఒంటరి పిల్లని వానలో, డేరాలో ఆపినదాన్నవుతాను. కాకపోతే... కాసేపాగి చెబుతానన్నాను.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. గోడౌన్‌లో నేనూ, కడప వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ రెడ్డెన్నా. రెండు డబ్బాల మీద పరిచిన ప్లైవుడ్ చెక్కే నా బల్ల. కూర్చుంటాను. లేస్తాను. ఫోను చూస్తాను. మళ్ళీ కూర్చుంటాను. టీ చల్లారిపోయింది. ఏసీ మోత కూడా చిరాకేసి ఆపించేశాను.

అప్పుడు...

టక్ టక్.

...

టక్.

నా అరచేతి కింద. చెక్క అడుగు నుంచి. చెవి కంటే ముందు చేతికే తెలిసింది... సన్నగా, చిన్న వేళ్ళతో కొట్టినట్టు.

"రెడ్డెన్నా! విన్నారాండీ?"

"ఇన్యాన్లే అక్కా. ఎలకలయ్యుంటాయి."

"ఎలకలు లెక్కెట్టుకుని కొడతాయేంటండీ!"

ఆయన టార్చి వేశాడు. చెక్క కింద ఏమీ లేదు. వట్టి సిమెంటు నేల. చెక్కని ఎత్తి గోడకి చేరేశాడు. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం...

టక్ టక్.

...

టక్.

గోడకి ఆనించిన ఆ చెక్కలోంచే. అదే తీరు. కొడుతుంది... ఆగుతుంది. ఎవరైనా బదులిస్తారేమోనని కాచుకున్నట్టు ఆగుతుంది. కొట్టడం కంటే ఆ ఆగడమే భరించలేకపోయాను.

రెడ్డెన్న వెనక్కి జరిగాడు. "అక్కా, ఈడ ఉండొద్దు. యల్లా, బయటికి పోదాం పా."

బయట కారులో కూర్చుని బినోద్‌కి ఫోన్ చేశాను. "ఇవ్వొద్దు. తల్లి మాట్లాడేదాకా ఎవ్వరికీ ఇవ్వొద్దు."

"ఎందుకు దీదీ?"

ఏం కారణం చెప్పను? "ఇవ్వొద్దంటే ఇవ్వొద్దు!" అని అరిచాను.

తెల్లారాక సుమిత్ర ఫోన్ చేసింది. "ఊళ్ళో ఉన్నప్పుడు, రాత్రిళ్ళు నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే, అది మంచం మీంచి చెక్క గోడ మీద కొట్టేది దీదీ. రెండు... ఆగి ఒకటి. నేను ఇవతల నుంచి ఒక్కటి కొట్టాలి. అమ్మ ఉందని తెలిస్తేనే పడుకునేది. అదే మా గుర్తు."

 వెంటనే బినోద్‌ని లైన్లోకి తీసుకున్నాను. ఆ మేనమామ, గుర్తు అడిగేసరికి, టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. అసలు సుమిత్రకి అన్నదమ్ములే లేరు.

"మరి పాప?"

"రాత్రంతా పడుకోలేదు దీదీ. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు."

ఫోను పాప చెవి దగ్గర పెట్టమన్నాను. సుమిత్ర గోటితో ఫోను మీద ఒక్కటి కొట్టింది.  కాసేపటికి బినోద్ గొంతు తగ్గించి, "పడుకుంది దీదీ" అన్నాడు.

రెడ్డెన్న ఇప్పటికీ ఎలకలే అంటాడు. అయినా ఆ చెక్కని మర్నాడే అవతల పారేశాడు. బతికున్న పిల్ల, ఎక్కడో నేపాల్‌లో, చెయ్యి కదపకుండా... అది ఏమిటో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగదు.

చాలా రోజులకి సుమిత్రకి ఇదంతా చెప్పాను. భయపడుతుందేమో అనుకున్నాను. భయపడలేదు. ఒక్కటే అడిగింది.

"మరి మీరు తిరిగి కొట్టారా దీదీ?"

కొట్టలేదు... పారిపోయాను.