రేడియో పెట్టిన గేటు

వీధిలో అందరూ అతన్ని రేడియో అనేవారు. బాగుచేసేది రేడియోలే గానీ ఆ పేరు అందుకు రాలేదు. ఒకసారి నోరు తెరిస్తే ఆపడానికి మీట లేదని.

పాత రేడియోల పిచ్చోళ్ళ కోసం అతను ఒక వెబ్‌సైటు నడిపేవాడు. డయల్ తాడు తెగినా, స్పీకరు గురగురమన్నా అందరూ అక్కడే అడిగేవారు. కొన్నాళ్ళకి దొంగ సభ్యులు దూరారు. పొద్దున తెరిస్తే చాలు, బట్టతలకి మందులు, లాటరీ టికెట్లు అంటూ ప్రకటనలే. వాళ్ళంతా ఒకే ఉచిత మెయిలు కంపెనీ అడ్రసులతో వస్తున్నారని కనిపెట్టి, ఆ కంపెనీ మెయిలుతో ఎవరు చేరబోయినా తలుపు మూసుకునేలా చేశాడు. ఊరికే మూస్తే రేడియో ఎలా అవుతాడు? ఎర్ర అక్షరాలతో ఒక మాట కూడా తగిలించాడు: "నువ్వెవరో నాకు తెలుసులే. వచ్చిన దారినే పో."

అది చూసుకుని చాలా రోజులు తనే నవ్వుకున్నాడు.

అన్నతో అతనికి మాటల్లేవు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఒకరోజు కొట్లో నలుగురి ముందు, "మా అన్న చెయ్యి పడితే బతికున్న రేడియో కూడా చస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనే వస్తాడులే అని తమ్ముడు, వాడే పిలుస్తాడులే అని అన్న. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు అన్న పోయాడని కబురొచ్చింది.

వెళ్తే, వదిన కుర్చీ చూపించింది.

"మీ అన్న నీ సైట్లో చేరబోయాడు, తెలుసా? నా చేతిలో రేడియోలు ఎందుకు చస్తున్నాయిరా అని అడుగుతా, వాడు జవాబు చెప్పకుండా ఉండలేడు అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు."

"ఎప్పుడొదినా? నాకేం రాలేదే."

"ఎలా వస్తుంది? నువ్వే పొమ్మన్నావుగా. నువ్వెవరో తెలుసు, వచ్చిన దారినే పో అని. నాకూ చూపించాడు. వాడికింకా కోపం పోలేదులే అని మూసేశాడు."

"అది అన్నకి కాదొదినా. ఆ మెయిలు వాడే ప్రతివాడికీ..."

"నాకెందుకు చెప్తావు? ఆయనకి చెప్పాల్సింది."

రేడియో మూగబోయింది.

అక్కడే కూర్చుని ఫోనులో ఆ కంపెనీ మీద పెట్టిన అడ్డు తీసేశాడు. ఎర్ర అక్షరాలూ తీసేశాడు. తర్వాత వదినని అడిగి అన్న మెయిలు అడ్రసు తనే కొట్టి, చేరండి అన్నచోట నొక్కాడు. ఈసారి తలుపు తెరుచుకుంది. మీ మెయిలుకి ఒక లింకు పంపాం, నొక్కితే చాలు అంది.

గూట్లో, కళ్ళద్దాల పక్కన, అన్న ఫోను టింగుమంది. వదిన దానికి ఇంకా చార్జింగు పెడుతూనే ఉంది.

ఇద్దరూ అటు చూశారు. ఎవరూ లేవలేదు.