బిలాల్ నెత్తిన నా పేరు

ఒక్క కేకతో రెండు పరుగులు, ఒక టోపీ, పదకొండు వారాలుగా కూడబెట్టుకున్న పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ కేక వేసింది నేనే. రెండే సెకన్లు పట్టింది. దాని ఫలితం మాత్రం రెండేళ్లపాటు కాలేజీ అంతా నా కళ్లముందే తిరిగింది. ఎలా తిరిగిందో చివర్లో చెబుతాను. ముందు నా అసూయ సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు నేరస్థురాలు అదే.

అది 2005. దుబాయ్‌లో ఒక కాలేజీలో నేను స్టోర్ కీపర్ని. చాక్‌పీసులు, బల్బులు, ఫుట్‌బాల్ వలలు, అన్నీ నా లెక్కలో ఉండేవి. జగిత్యాల దగ్గర పదో తరగతితో చదువు ఆపేసినా, సగటులూ శాతాలూ ఎవరూ చెప్పకుండానే వంటబట్టించుకున్నాను. బస్సెక్కితే ముందు సీట్లలో బట్టతలలు ఎంత శాతమో తేలేదాకా నాకు కుదురుండేది కాదు.

ఈ పిచ్చి చూసే మా కాలేజీ బేస్‌బాల్ కోచ్ రామోన్ నాకు స్కోరు పుస్తకం అప్పగించాడు. ఆయనది ఫిలిప్పీన్స్. ఆట నాకు అర్థమైనంతవరకు ఇదీ: మైదానంలో నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లుంటాయి. బంతిని కొట్టి నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే అవతలివాళ్ల వంతు. క్రికెట్‌కు మేనమామ కొడుకులాంటి ఆట అనుకున్నాను. ఆ బంధుత్వమే నా కొంప ముంచింది.

ఇక యోహాను. నరసాపురం వైపు మనిషి, మా పోటీ కాలేజీ క్లినిక్‌లో నర్సు. వాళ్ల జట్టుకు స్కోరు రాసేది అతనే. సత్వా అనే పేటలో మేమిద్దరం ఒకే గదిలో, ఒకే రెండంతస్తుల ఇనప మంచం మీద ఉండేవాళ్లం. పైన అతను, కింద నేను. అంటే ఓడిన రోజున కూడా అతని కాళ్లు నా ముఖం మీదుగానే వేలాడేవి.

ఆ శీతాకాలం మొదట్లో వాళ్ల చేతిలో మా జట్టు పదకొండు – రెండు స్కోరుతో చిత్తుగా ఓడిపోయింది. పిల్లలు ఏడ్చారు. నేనూ ఏడ్చాను గానీ పరుగుల కోసం కాదు. ఆట అయ్యాక వాళ్ల కోచ్ మైకు పట్టుకుని "మా స్కోరర్ యోహాన్!" అని పిలిచి, అందరి ముందూ అతని నెత్తిన జట్టు టోపీ పెట్టాడు. దాని మీద తెల్ల దారంతో అతని పేరు కుట్టి ఉంది. చుట్టూ చప్పట్లు. నా కడుపులో ఎవరో మిరపకాయల బజ్జీల మూకుడు బోర్లించినట్టయింది.

గదికి రాగానే యోహాను సుత్తి తీశాడు.

"ఏంది యోహాన్, గోడకు మేకు ఎందుకు?"

"టోపీ తగిలించుకోడానికండీ రాజన్న గారూ. పరుపు మీద పెడితే నలిగిపోద్ది గదా."

"దానికి సరిగ్గ నా కండ్ల ముంగటనే జాగ దొరికిందా?"

"ఈ గోడ మీద ఖాళీ అక్కడే ఉందండి. మీరు కొలుచుకోండి కావాలంటే."

కొలిచాను. నిజమే. అదే ఇంకా మంట.

ఆ మర్నాటి నుంచి మా జట్టు మారిపోయింది. తెల్లవారకముందే పరుగులు, సాయంత్రం బంతుల సాధన. నేనూ మారిపోయాను. ఎవరు ఎన్ని బంతులు కొట్టారు, ఎన్ని జారవిడిచారు, ఎవరి చెయ్యి ఏ రోజు వాటంగా ఉంది, అంతా రాసేవాణ్ని. నేను ఆ కేక వేసే క్షణానికి, హంజా అనే సూడాన్ కుర్రాడు పద్నాలుగుసార్లు బ్యాటు పట్టి తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. పెషావర్ నుంచి వచ్చిన బిలాల్ పదహారుసార్లలో రెండుసార్లు. ఆ రెండిట్లో ఒకసారి బంతి తనంతట తానే వచ్చి బ్యాటుకు తగిలింది. కానీ బిలాల్‌లా నవ్వేవాడు, బ్యాగులు మోసేవాడు, ఎవరూ అడగకుండానే గంటసేపు బంతులు ఏరేవాడు జట్టులో ఇంకొకడు లేడు. ఆ గళ్లు నా పుస్తకంలో లేవు.

చిన్న జట్ల మీద వరుసగా నాలుగు ఆటలు గెలిచాం. రామోన్ రోజూ "మై ఫ్రెండ్, నంబర్స్ ప్లీజ్!" అంటూ నా చుట్టూ తిరిగేవాడు. చివరికి పదకొండో వారం, శుక్రవారం మధ్యాహ్నం, పాత పగ తీర్చుకోవడానికి ఆ పోటీ కాలేజీ మైదానానికే బస్సులో బయలుదేరాం. దారిలో రామోన్ తన సంచిలోంచి ఒక టోపీ తీశాడు. నీలం రంగు. ముందువైపు తెల్ల దారంతో ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు!

"ఈరోజు గెలిస్తే ఇది నీ నెత్తిన," అని మళ్లీ సంచిలో పెట్టేశాడు.

చదివేవారు నన్ను క్షమించాలి. ఆ క్షణం నుంచి నాకు కనిపించింది మైదానం కాదు, మా గది గోడ. రెండో మేకు ఎక్కడ కొట్టాలో అప్పుడే అంగుళాలతో సహా తేల్చేశాను. యోహాను మేకుకు మూడంగుళాల పైన.

స్కోరర్లిద్దరికీ ఒకే బల్ల వేశారు. యోహాను టోపీ పెట్టుకునే వచ్చాడు.

"ఎండగా ఉందండి, మీకు టోపీ లేదా?" అన్నాడు.

"పొద్దుగూకేటాల్లకు వస్తది తియ్," అన్నాను.

ఆట ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి ఆరు – ఆరు, సమానం. బ్యాటింగ్ మాది. ఇద్దరు ఔట్. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. మా జట్టులో ఒక అలవాటుండేది: పిల్లలు నీడన కబుర్లలో పడి ఎవరి తర్వాత ఎవరో మరిచిపోతారు కాబట్టి, పేరు కేకేసే పని నాది. నేను ఎవరిని పిలిస్తే వాడు బ్యాటు పట్టుకుని పోవాలి. రామోన్ దూరంగా మూడో బేస్ పక్కన నిలబడి పరుగెత్తేవాళ్లకు సైగలు చేస్తుంటాడు.

పుస్తకం చూశాను. రావాల్సింది బిలాల్. ఆ తర్వాత హంజా.

బిలాల్ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని లేచాడు.

యోహాను మెల్లగా దగ్గాడు. "వచ్చేది బిలాల్ కదండీ? పోన్లెండి. టోపీలు మళ్లీ ఏడాది కూడా కుడతారు."

నా బుర్రలో కాలిక్యులేటర్ పేలింది. మా జగిత్యాల మైదానంలో మేం ఆడిన క్రికెట్ గుర్తొచ్చింది. పరుగులు కావాలంటే కొట్టేవాణ్ని ముందు పంపిస్తాం, వరుసదేముంది? పద్నాలుగుకు తొమ్మిది ఎక్కడ, పదహారుకు రెండు ఎక్కడ?

"హంజా! యల్లా! నువ్వు పో!"

అదీ ఆ కేక.

"అంకుల్, మేరీ బారీ హై," అన్నాడు బిలాల్, నా వంతు కదా అన్నట్టు.

"బైఠో బేటా, బైఠో. హంజాను పోనీ."

బిలాల్ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడి నవ్వు మాత్రం ఎక్కడా కనబడలేదు. నేను చూశాను. చూసి కూడా గోడ మీద మేకు గురించే ఆలోచించాను.

హంజా మొదటి బంతికే కొట్టాడు. బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి దూసుకుపోయింది. ఒకడు వచ్చాడు, వాడి వెనకే ఇంకొకడు. ఎనిమిది – ఆరు! మా పిల్లలు గాల్లోకి ఎగిరారు. నేను బల్ల మీద గుద్ది యోహాను వైపు తిరిగాను.

"రాస్కో యోహాన్, రాస్కో!"

"రాస్తానండి," అన్నాడు చాలా మర్యాదగా. "ఏ పేరు మీద రాయమంటారు?"

"ఏ పేరేంది? హంజా!"

అతను తన పుస్తకంలో వేలు పెట్టి పైనుంచి కిందికి ఒక్కో గడీ దిగాడు. వేలు బిలాల్ దగ్గర ఆగింది. అప్పుడు లేచి, టోపీ సర్దుకుని, వాళ్ల కోచ్ దగ్గరికి నడిచాడు. కోచ్ అంపైర్ దగ్గరికి నడిచాడు. అంపైర్ మా బల్ల దగ్గరికి నడిచాడు. అందరూ నడుస్తున్నారు, నా గుండె ఒక్కటే ఆగింది.

తీర్పు ఇదీ: ఈ ఆటలో వరుస తప్పడానికి వీల్లేదు. తప్పిందని అవతలివాళ్లు వెంటనే అడిగితే, రావాల్సినవాడు రాకుండానే ఔట్. పరుగులు చెల్లవు. బిలాల్ ఔట్, ఇన్నింగ్స్ ఖలాస్. మళ్లీ ఆరు – ఆరు.

బ్యాటు ముట్టుకోకుండా ఔటైన బిలాల్ నావైపు చూశాడు. వాడి లెక్క పదిహేడుకు రెండు అయింది. ఆ ఒకటి నేను చేర్చింది.

రామోన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మై ఫ్రెండ్! ఎవరు పంపారు?"

"నంబర్స్ సార్..." అన్నాను.

యోహాను పక్కన కూర్చుని పెన్సిల్ చెక్కుకున్నాడు. "డ్యూటీ అండి. ఏమీ అనుకోకండి."

అయితే ఆటకు జాలి ఉంది. వాళ్లు ఆ ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ చేయలేకపోయారు. స్కోరు సమానం కాబట్టి అదనంగా పదో ఇన్నింగ్స్ మొదలైంది. ఔటైంది బిలాల్ కాబట్టి, వరుస ప్రకారం మొదట రావాల్సింది ఎవరు? హంజా! ఈసారి నేను నోరు తెరవడానికే భయపడితే యోహానే మోచేత్తో పొడిచాడు.

"పిలవండి, పిలవండి. ఇప్పుడు అతనే."

పిలిచాను, గుడిలో మంత్రం చదివినంత భక్తిగా. హంజా కొట్టిన బంతి కంచె దాటి పార్కింగులో పడింది. ఏడు – ఆరు. తర్వాత వాళ్ల ఆఖరి ఆటగాడు గాల్లోకి లేపిన బంతి కింద వెనక్కి వెనక్కి పరుగెత్తి, పడిపోతూ, దుమ్ములో దొర్లుతూ పట్టుకున్నది ఎవరనుకున్నారు? బిలాల్!

గెలిచాం. పిల్లలు బిలాల్‌ను భుజాల మీదికి ఎత్తారు. రామోన్ సంచి తెరిచాడు. నేను బల్ల వెనక నుంచి లేచి, జుట్టు సవరించుకుని, తల కాస్త వంచి నిలబడ్డాను. ఆశకు సిగ్గుండదు కదా. టోపీ నా ముందునుంచే వెళ్లి బిలాల్ నెత్తి మీద కూర్చుంది.

"పేరు అంకుల్‌ది కదా కోచ్?" అన్నాడు బిలాల్.

"అవును. అంకుల్ నీ బ్యాటింగ్ తీసుకున్నాడు, నువ్వు అంకుల్ టోపీ తీసుకో. లెక్క సరి!"

లెక్క సరే కాబట్టి స్కోరు పుస్తకం మూసేశాను.

బిలాల్ మంచివాడు. మర్నాడు స్టోరుకు వచ్చి, "తీసుకోండి అంకుల్," అని టోపీ చాచాడు. వాడి నవ్వు తిరిగొచ్చింది. అది చూశాక నాకు చెయ్యి చాపబుద్ధి కాలేదు. "రఖ్ లో బేటా," అన్నాను. వాడు ఉంచుకున్నాడు. ఉంచుకోవడమే కాదు, చదువు పూర్తయ్యే రెండేళ్లూ తీయలేదు. కొత్తగా చేరిన పిల్లలు, కొత్త లెక్చరర్లు, క్యాంటీన్ నడిపే మలబారీ మలయాళీ, అందరూ వాణ్నే రాజన్నా అని పిలిచేవారు. ఒక వారం కూర్చుని లెక్కపెట్టాను. ఆ పేరుతో నన్ను పిలిచినవి ఆరుసార్లు, వాణ్ని పిలిచినవి ముప్పై ఒకటి. ఒకరోజు నేను పలికితే, "మీరు కాదు, అసలు రాజన్న కావాలి," అన్నారు.

గదిలో ఈ సంగతి చెప్పుకుంటే పై మంచం మీంచి యోహాను ఓదార్చాడు.

"మీరు ఓడితే ఓడారు గానీండి, మీ పేరైతే గెలిచింది కదా!"

కాబట్టి, స్కోరు పుస్తకం మీద చెయ్యేసి, నేటికీ గోడ మీద ఖాళీగా ఉన్న ఆ మూడంగుళాలను మనసులో సాక్షిగా నిలబెట్టి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: మంగలి షాపులో గానీ, బ్యాంకులో గానీ, పెళ్లి భోజనాల బంతిలో గానీ, ఒకరి వంతుకు ఇంకొకరిని ఈ జన్మలో పిలవను. లడ్డూ అయిపోవస్తున్నా సరే. అది ఆఖరి లడ్డూ అయినా సరే. దాన్ని అందుకోబోయేది యోహానే అయినా... సరే, అదీ రాసుకోండి, యోహానే అయినా సరే.