తుపాను మీద పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో పెళ్ళికొడుకన్నవాడికి నోరుండేది కాదు. ఎక్కమన్నది ఎక్కేవాడు, దిగమన్నప్పుడు దిగేవాడు. ఇప్పటి కుర్రాళ్ళలాగా డ్రోను కెమెరా కావాలి, డీజే కావాలి అని అడిగే ధైర్యం మాకెక్కడిది? నేనైతే మంగళగిరిలో ఓ ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరి, పై అధికారి దగ్గినా లేచి నిలబడే దశలో ఉన్నాను. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి రేసు గుర్రం ఎక్కించారు.

మా మావగారిది అద్దంకి దగ్గర పల్లెటూరు. మిరప వేసేవారు. మనిషి బంగారం గానీ, మంచి పశువు కనబడితే ఒళ్ళు తెలియదు. ఆయనకి తోడు ఆయన తమ్ముడొకాయన. బండలాగుడు పోటీలకి ఎడ్లను మేపడం, లేకపోతే ఆ పోటీల్లో ఈల ఊదడం తప్ప మరో వ్యాపకం లేదు కనుక ఊరంతా ఆయన్ని 'బండల బాబాయి' అనేవారు. అన్నదమ్ములిద్దరూ ఓసారి హైదరాబాదు వెళ్ళి, రేసుల నుంచి విరమించిన మేలుజాతి మగ గుర్రాన్ని లారీలో తెచ్చుకున్నారు. కాగితాల్లో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరేదో ఉంది. నోరు తిరగక 'తుపాను' అని పెట్టుకున్నారు. పోటీ గెలిచిన గిత్త దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆవుల్ని తోలుకొస్తారు కదా, అలాగే సత్తెనపల్లి దాకా ఉన్న పెళ్ళి గుర్రాలవాళ్ళంతా తమ ఆడగుర్రాల్ని మన గుమ్మంలోకే తోలుకొస్తారని మావగారి ఊహ.

పెళ్ళిచూపులకి వెళితే, పిల్లకన్నా ముందు గుర్రాన్ని చూపించారు.

"హైదరాబాదు పందేల్లో పరిగెత్తిన గుర్రం బాబూ ఇది," అన్నారు మావగారు.

"గెలిచిందాండీ?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కదా అని.

ఆయన కాసేపు దాని మెడ నిమిరారు. "పరిగెత్తింది," అన్నారు.

తరవాత తెలిసింది, పందెంలో అది ఎప్పుడూ ముందు గుర్రాల తోకలు చూసుకుంటూనే పరిగెత్తేదట. పల్లెకొచ్చాక రెండో ఉద్యోగంలోనూ అదే వరస. ఆడగుర్రాన్ని తెచ్చి పక్కన కడితే, గోడవైపు తిరిగి తలొంచుకుని గడ్డి నమిలేదట (పెళ్ళిచూపుల్లో నేనూ ఇంచుమించు అలాగే మిక్స్చరు నమిలాను). "ఏందయ్యా, మీ గుర్రం సన్నాసుల్లో కలిసిందా?" అని ఊళ్ళో ఎగతాళి. మావగారికి తల కొట్టేసినట్టయింది. బాబాయి మాత్రం, "బలం చాల్లేదన్నయ్యా, మేపుదాం," అని పోటీ ఎడ్లకి పెట్టినట్టే ఉలవలూ బెల్లమూ రోజూ పెట్టించాడు. ఉలవలు తిని, పనీపాటా లేక, కొట్టంలో నిలబడ్డ రేసు గుర్రమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకసలే తెలియదు.

ఆ ఇంట్లో నాకున్న భయం గుర్రం కాదు, పెళ్ళికూతురి నాయనమ్మ. ఆవిడ మాట సుగ్రీవాజ్ఞ. అంతకుముందు వచ్చిన సంబంధాన్ని, కుర్రాడు గడప తట్టుకుని తూలాడని తిప్పి పంపేసిందట. నాకేమో ఆ పిల్ల తెగ నచ్చేసింది. కాఫీ గ్లాసు అందిస్తూ ఒక్కసారి కళ్ళెత్తి చూసింది, అంతే, ఆ వారమంతా ఆఫీసులో ఫైళ్ళన్నీ తప్పుగా కట్టాను. ఈ సంబంధం చేజారితే నేను బతకననే అనుకున్నాను.

మాఘమాసంలో పొద్దున పూట ముహూర్తం. విడిది నుంచి పెళ్ళికూతురింటికి ఊరేగింపుగా వెళ్ళడానికి మా నాన్న బ్యాండుమేళంతో పాటు ఓ తెల్ల ఆడగుర్రాన్ని మాట్లాడారు. మావగారు దాన్ని చూసి భగ్గుమన్నారు. "ఇంట్లో గుర్రాన్ని పెట్టుకుని అల్లుణ్ణి అద్దె గుర్రం మీద తెస్తే ఊళ్ళో నా పరువేం కాను బావగారూ?" అన్నారు. పాపం ఆ తెల్లదాన్ని ఊరి చివర మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర కట్టేయించి, నన్ను తుపాను మీదికెక్కించారు. పట్టుపంచెతో గుర్రమెలా ఎక్కాలో ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. నలుగురు ఎత్తి కూర్చోబెట్టారు.

మేళం మొదలైంది. గుర్రం కదల్లేదు. చెవులు నిక్కించి రాయిలా నిలబడింది. ముహూర్తం దగ్గర పడుతోందని పురోహితుడి కబురు మీద కబురు. అప్పుడు బండల బాబాయి ముందుకొచ్చాడు.

"ఇది కదలదేందిరా! ఎడ్లు మొరాయిస్తే ఏం చేస్తాం మనం?"

ఏం చేస్తారో నాకు తెలియదు. మిగతా అందరికీ తెలుసు. బాబాయి మెడలోని ఈల తీసి గట్టిగా ఊదాడు. పోటీలో బండ కదిలించేటప్పుడు అరిచినట్టు ఊరు ఊరంతా ఒక్కసారిగా "హెయ్!" అని అరిచి కండువాలు విసిరింది. ఎవరో వెనక నుంచి గుర్రాన్ని చెళ్ళున చరిచారు. తుపాను ఒక్క ఉదుటున దూసుకుపోయింది.

పైప్రాణాలు పైనే పోయాయి. ఉత్తరీయం ఎటుపోయిందో, బ్యాండువాళ్ళు ఎటు దూకారో తెలియదు. బాసికం జారి కళ్ళకి అడ్డం పడింది. చూపు లేదు, కళ్ళెం లేదు, జూలు ఒక్కటే ఆధారం. "అమ్మా!" అని అరిచానో, అరిచాననుకున్నానో. జీవితంలో మొట్టమొదటిసారి తుపాను అందరికన్నా ముందుంది (వెనక ఇంకో గుర్రం లేదనుకోండి). పెళ్ళిపందిరి వచ్చింది, దాటిపోయింది. పందిట్లోంచి "అయ్యో, పెళ్ళికొడుకు!" అని ఆడవాళ్ళ కేకలు వినపడ్డాయి. నా పెళ్ళిని నేనే దాటిపోతున్నానని అప్పుడర్థమైంది.

కల్లంలో మిరపకాయల మీద నుంచి ఎర్రటి ఘాటు లేపుకుంటూ పోయి, ఉన్నట్టుండి ఆగింది. బాసికం పక్కకి తోసి చూద్దును కదా, ఎదురుగా తెల్ల ఆడగుర్రం. ఇన్నాళ్ళ సన్నాసి సకిలించాడు. ముందు కాళ్ళు నేల వదలబోతున్నాయని తెలిసి, ఇక నేను అక్కడుండటం మర్యాద కాదనిపించి, జారి మిరపకాయల కుప్పలో పడ్డాను.

జనం తుమ్ముకుంటూ వచ్చిపడ్డారు. బాబాయి నన్ను దాటుకుని వెళ్ళి, "అన్నయ్యా! చూశావా అన్నయ్యా!" అని ఎగిరి గంతేశాడు. మావగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళ నీళ్ళు ఘాటువో ఆనందానివో ఆయనకే తెలియాలి. "ముందు మావాణ్ణి లేపండయ్యా!" అని అరిచినవాడు మా నాన్న ఒక్కడే.

ఎర్రబడ్డ కళ్ళతో, తుమ్ములతో నన్ను నాయనమ్మ ముందు నిలబెట్టారు. గడప తట్టుకున్నవాణ్ణే పంపేసిన మనిషి. నా సంగతి తేలిపోయిందనుకున్నాను. ఆవిడ జరిగిందంతా విని, ముక్కున వేలేసుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏ వైద్యానికీ లొంగని గుర్రం ఈ పిల్లాడు ఎక్కగానే సంసారంలో పడిందా? ఇంతకన్నా శకునం ఏం కావాలిరా? కూర్చోబెట్టండి పీటల మీద!" అంది.

మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో తెర. జీలకర్రా బెల్లం పెట్టబోతుండగా తెర అవతల నుంచి సన్నగా ఆ అమ్మాయి గొంతు. నాతో మాట్లాడిన మొదటి మాట. దెబ్బలు తగిలాయా అని అడుగుతుందనుకుని చెవి ఒగ్గాను.

"గుర్రానికేం కాలేదు కదండీ?" అంది.

ఆ రోజు తగిలిన దెబ్బలన్నిటిలోకీ అదే పెద్దది. దానికి రోజూ మేత పెట్టిన చెయ్యి తనదేనని నాకు తరవాత తెలిసింది.

ఆ మరుసటి ఏడు తెల్లదానికి బుజ్జి పిల్ల పుట్టింది. ఆ పైన మావగారి గుమ్మం ఆడగుర్రాలతో కళకళలాడింది. ఇప్పటికీ పల్నాడులో ఎక్కడైనా పెళ్ళి గుర్రం తలొంచుకుని మొహమాటంగా నడుస్తుంటే మనవాడి మనవడేమో అనుకుంటాను. తుపాను ముసలిదై కన్నుమూసిన రోజున మా ఆవిడ అన్నం ముట్టలేదు. దాన్ని అన్నేళ్ళు తిట్టుకున్న నేనూ ఏడ్చాను.

మొన్న ఆఫీసు నుంచి వస్తూ స్కూటరు మీద నుంచి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఫోను చేసి సంగతి చెబితే మా ఆవిడ, "అయ్యో, బండికేం కాలేదు కదా?" అంది. నడిరోడ్డు మీద కూర్చుని పగలబడి నవ్వాను. తలకి దెబ్బ తగిలిందేమోనని జనం కంగారుపడ్డారు. బాసికం కళ్ళ మీద పడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పెళ్ళి చేజారిపోతోందని ఎంత హడలిపోయాడో పాపం. ఏం కాలేదులేరా అని వాడికి చెప్పాలనిపించింది.

"ఏం కాలేదు, బండి బాగానే ఉంది," అని ఆవిడకి చెప్పి, లేచి కుంటుకుంటూ ఇంటికెళ్ళాను.